దండం ఎవరి చేతిలో? దెబ్బ ఎవరి వీపు మీద?



కూలి పెంచమని కార్మికుడు నోరు తెరిస్తే చాలు, పాత శాస్త్రాలు విప్పేవాళ్ళు మనకు కొత్త కాదు. మిల్లు గేటు దగ్గర నలుగురు గుమిగూడితే ధర్మం గుర్తొస్తుంది. సాంచాలు ఒక్క పూట ఆగితే చాణక్యుడు గుర్తొస్తాడు. ఆఫీసు గోడ మీద క్యాలెండరులోనూ, ఇప్పుడు అందరి జేబుల్లో ఉన్న ఫోనులోనూ ఆయన పేరు పెట్టి సూక్తులు తిరుగుతున్నాయి. ‘భయం లేనిదే పని సాగదు’, ‘నౌకరుకు చనువిస్తే నెత్తినెక్కుతాడు’ అనే తరహా మాటలు. అన్నిటికీ పైన ఒక ముద్ర: ‘దండం దశగుణం’. తన్నితేగాని దారికి రారని దానికి వాళ్ళు చెప్పే అర్థం.

ఆ చివరి మాట సంగతే ముందు చూద్దాం. అది ఒక చాటు శ్లోకం తోక. శ్లోకం మొత్తం చదివితే అందులో కూలివాడూ లేడు, నౌకరూ లేడు. పిట్టలను తోలడానికి, కుక్కలను అదిలించడానికి, శత్రువు, పాము, పశువు ఎదురైతే కాచుకోవడానికి, బురదలో, నీళ్ళలో, చీకట్లో, ముసలితనంలో ఊతగా నిలవడానికి చేతికర్ర ఎంత అక్కరకొస్తుందో ఆ శ్లోకం చెబుతుంది. ముసలివాడి ఊతకర్రను పట్టుకొచ్చి జాబరు చేతిలో లాఠీగా పెట్టారు. తల కోసేసి తోక చూపించడం అంటే ఇదే.

ఇది ఒక్క శ్లోకానికి జరిగిన అన్యాయమైతే పండితులు చూసుకుంటారు, మనకు పని లేదు. కానీ న్యాయం, శిక్ష, హక్కు అనే మూడు మాటలకూ పాతవాళ్ళ పేరు చెప్పి ఇదే పని చేస్తున్నారు. అందుకే ఆ పుస్తకాల్లో అసలు ఏముందో మిల్లు కార్మికుడికీ తెలియాలి. దండం వద్దు అని మనం అనడం లేదు. దండం దేనికోసం పుట్టింది, ఎవరి మీద పడుతోంది అనే అడుగుతున్నాం.

పెద్ద చేప, చిన్న చేప

కౌటిల్యుడి అర్థశాస్త్రం వందల ఏళ్ళు మరుగున పడిపోయి, 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో ఆర్. శామశాస్త్రి కంటబడింది. 1909లో అచ్చయింది. దాన్ని ఎవరు, ఏ శతాబ్దంలో రాశారన్న దానిపై పండితుల మధ్య వాదం తెగలేదు. గోడల మీద కనిపించే ‘చాణక్య నీతి’ సూక్తుల్లో చాలావాటికి ఆ పుస్తకంతో సంబంధమే లేదు. ఇది మొదట తెలుసుకోవలసిన సంగతి.

మరి ఆ పుస్తకం దండం గురించి ఏమంటుంది? మొదటి అధికరణంలోనే ఉంది. దండం కఠినమైతే జనం హడలిపోతారు, మరీ మెత్తనైతే రాజును లెక్కచేయరు, తప్పుకు తగినంతగా ఉంటేనే గౌరవిస్తారు. కామంతోనో కోపంతోనో తెలియనితనంతోనో దండిస్తే అడవుల్లో ఉండే సన్యాసులకు కూడా కోపం వస్తుంది, ఇక సంసారుల సంగతి చెప్పాలా అని అడుగుతుంది. దండమే లేకపోతే ఏమవుతుంది? పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది. దీనికి పెట్టిన పేరు మత్స్యన్యాయం.

ఇక్కడ ఆగి ఆలోచించండి. దండం ఎందుకు కావాలంటే బలవంతుడు బలహీనుణ్ణి మింగకుండా ఉండడానికట. దండానికి ఆ పుస్తకం చూపిన కారణం అది. ఈ కారణం ఒప్పుకున్నవాడు దండాన్ని ముందు ఎవరివైపు తిప్పాలి? మూడు నెలల కూలి బిగబట్టిన సేటు వైపా, ఆ కూలి కోసం గేటు ముందు కూర్చున్నవాడి వైపా? చిన్న చేప గట్టిగా తోక ఆడించిందని దానికి శిక్ష వేసి, దాన్ని మత్స్యన్యాయం నుంచి రక్షించామని చెప్పుకోవడం ఏ శాస్త్రం?

నూలు శాలలో రెండు శిక్షలు

మనది నూలుతో బతికే బతుకు. కాబట్టి అర్థశాస్త్రంలో నూలు గురించి రాసిన చోటుకే వెళ్దాం. రెండో అధికరణంలో ‘సూత్రాధ్యక్షుడు’ అనే ఉద్యోగి గురించి ఒక అధ్యాయం ఉంది. రాజుగారి నూలు, నేత పనులు చూసే అధికారి ఆయన.

నూలు ఎవరి చేత వడికించాలి? వితంతువులు, అంగవైకల్యం ఉన్న స్త్రీలు, పెళ్ళికాని ఆడపిల్లలు, ఇల్లు విడిచినవాళ్ళు, వేశ్యల తల్లులు, ముసలి రాజదాసీలు, గుడి కొలువు మానిన దేవదాసీలు. ఆ జాబితాలో ఇంకొకరు కూడా ఉన్నారు: పడిన జరిమానాను పని చేసి తీర్చుకుంటున్న స్త్రీలు. అంటే ఇంకో దిక్కు లేనివాళ్ళంతా రాట్నం దగ్గరికి చేరారు. నూలు సన్నమా, ముతకా, మధ్యరకమా చూసి కూలి కట్టేవారు. తెల్లవారుజామున నూలు అప్పగించడానికి వచ్చిన ఆడమనిషి ముఖం చూసినా, పని కాని మాట మాట్లాడినా ఆ ఉద్యోగికి మొదటి సాహస దండం. దీపం నూలు పరీక్షకే తప్ప ఆమె ముఖం చూడడానికి కాదు.

ఆ తర్వాత రెండు శిక్షలు దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. కూలి తీసుకొని పని చేయని స్త్రీకి బొటనవేలి పట్టు తీసేయాలి. దారం పట్టే వేళ్ళను నరకాలన్నమాట. కూలి ఇవ్వడంలో ఆలస్యం చేసిన ఉద్యోగికి మధ్యమ సాహస దండం.

మొదటిది చెప్పడానికి క్రమశిక్షణ పాఠాలు చెప్పేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. చూశారా, పని ఎగ్గొట్టినవాడిని ఆ రోజుల్లో ఏం చేసేవాళ్ళో అంటారు. రెండోది వాళ్ళ నోట ఎప్పుడైనా విన్నారా? మధ్యమ సాహసం అంటే 200 నుంచి 500 పణాలని అదే పుస్తకం చెబుతుంది. జీతాల పట్టికలో చేతిపనివాళ్ళకు ఏడాదికి 120 పణాలని రాసి ఉంది. లెక్క వేయండి. కూలి ఆలస్యం చేస్తే అతి తక్కువ శిక్ష ఒక చేతిపనివాడి 20 నెలల జీతం.

ఇంకో చోటు చూడండి. నాలుగో అధికరణంలో, చేతిపనివాళ్ళు కూడబలుక్కొని పని నాణ్యం తగ్గించినా, క్రయవిక్రయాలకు అడ్డుపడినా వెయ్యి పణాల జరిమానా. దీన్ని చూపించి, కార్మికులు జట్టు కట్టడం మన ప్రాచీనులకే ఇష్టం లేదని అనవచ్చు. వెంటనే ఉన్న వాక్యం సంగతేమిటి? వర్తకులు కూడబలుక్కొని సరుకు దాచినా, అన్యాయపు ధరకు అమ్మినా వాళ్ళకూ వెయ్యి పణాలే. చేతిపనివాళ్ళ జట్టుకు ఎంతో వర్తకుల జట్టుకూ అంతే. మిల్లు యజమానులకు సంఘాలు ఉండవచ్చు, వాళ్ళు కూర్చొని నూలు ధర మాట్లాడుకోవచ్చు, పీసుకు ఎంత ఇవ్వాలో ఒక్క మాట మీద ఉండవచ్చు. నేతగాళ్ళు ఒక్క మాట మీద ఉంటే మాత్రం కుట్ర. ఇది కౌటిల్యం కూడా కాదు, కౌటిల్యుడిని సగానికి కోసిన వ్యాపారం.

అలాగని కౌటిల్యుడు మనవాడు కాడు

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కూలి ఆలస్యానికి జరిమానా రాశాడు కాబట్టి కౌటిల్యుడు తొలి కార్మిక నాయకుడని మనవాళ్ళలో కొందరు ఉత్సాహపడతారు. సేటు సగం చదివితే మనం మిగతా సగం చదవడం న్యాయం కాదు.

ఆ నూలు శాలకు యజమాని రాజే. శిక్ష వేసేదీ రాజే. రాజధానికి వచ్చే ఆదాయాల జాబితాలో సుంకం, దండం, నూలు ఒకే వరుసలో రాశాడు. జరిమానా కూడా ఒక రాబడి, వడికే ఆడదాని శ్రమ కూడా ఒక రాబడి. కూలి ఆలస్యమైనందుకు పడిన జరిమానా కూడా రాబడి పద్దే. ఆ ముసలి దాసి చేతిలో అందులో ఒక్క పణమైనా పెట్టాలని అక్కడ రాయలేదు. పైగా వర్తకులనూ చేతిపనివాళ్ళనూ బిచ్చగాళ్ళనూ కలిపి, పేరుకు దొంగలు కాని దొంగలుగా లెక్కకట్టాడు. ఆయన చూపు ఖజానా గది కిటికీలోంచి చూసిన చూపు. శిక్షల తూకం బాగా తెలిసినవాడే. కానీ తక్కెడ పట్టుకున్నవాడిని ఎవరు తూచాలి అన్న ప్రశ్న ఆ అధ్యాయంలో లేదు.

మనువు తక్కెడలు రెండు

ధర్మం పేరుతో ఎక్కువగా చెప్పే ఇంకో పుస్తకం మనుస్మృతి. ఎనిమిదో అధ్యాయం నిండా వ్యాజ్యాలే. అందులో మన పని కూడా ఉంది. పది పలాల నూలు తీసుకున్న సాలెవాడు పదకొండు పలాల బట్ట ఇవ్వాలి, ఇవ్వకపోతే 12 పణాల జరిమానా. గంజి పెడితే బరువు పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క పలం అని వ్యాఖ్యాతలు వివరించారు. మగ్గం మీద ఎంత దారం తెగిపోతుందో, ఎంత చెత్త పోతుందో నేసినవాడిని అడిగి రాసిన లెక్కలా ఇది కనిపించదు.

జబ్బు లేకుండా, గర్వంతో పని చేయని కూలివాడికి ఎనిమిది కృష్ణలాల జరిమానా, పైగా కూలి లేదు. జబ్బుపడి కోలుకున్నాక పని పూర్తి చేస్తే, ఎంత కాలం గడిచినా కూలి ఇవ్వాల్సిందే. ఈ రెండో మాట బాగానే ఉంది.

ఇప్పుడు తిట్టు సంగతి. క్షత్రియుడు బ్రాహ్మణుణ్ణి తిడితే 100 పణాలు. శూద్రుడు తిడితే ఒంటి మీద శిక్ష, నాలుక కోయడం దాకా. బ్రాహ్మణుడు క్షత్రియుణ్ణి తిడితే 50, వైశ్యుణ్ణి తిడితే 25, శూద్రుణ్ణి తిడితే 12. నోరు ఒకటే, తిట్టు ఒకటే, ధర మాత్రం పుట్టుకను బట్టి. అదే అధ్యాయంలో దొంగతనానికి లెక్క తిరగబడుతుంది. శూద్రుడికి ఎనిమిది రెట్లయితే వైశ్యుడికి పదహారు, క్షత్రియుడికి ముప్ఫై రెండు, బ్రాహ్మణుడికి అరవై నాలుగు లేదా అంతకు మించి. మామూలు మనిషికి ఒక కార్షాపణం జరిమానా పడే తప్పుకు రాజుకు వెయ్యి పడాలని కూడా ఉంది.

మనువును సమర్థించేవాళ్ళు ఈ దొంగతనం లెక్క తెచ్చి చూపిస్తారు. చూడండి, ఎంత న్యాయం అంటారు. ఆ అధ్యాయం చివరిదాకా చదవమనండి. శూద్రుణ్ణి కొన్నా కొనకపోయినా దాస్యం చేయించవచ్చని, యజమాని వదిలేసినా అతనికి దాస్యం వదలదని, అతని ఆస్తిని బ్రాహ్మణుడు సంకోచం లేకుండా తీసుకోవచ్చని అక్కడే ఉంది. సొంత ఆస్తి లేని మనిషికి దొంగతనంలో రాయితీ ఇవ్వడం గొప్ప న్యాయమేమీ కాదు.

కానీ ఆ దొంగతనం లెక్కలో ఒక ఆలోచన ఉంది. ఎక్కువ తెలిసినవాడి తప్పు పెద్దది, ఎక్కువ బలం ఉన్నవాడి తప్పు ఇంకా పెద్దది. ఈ ఆలోచన మంచిదే. మనువు చెప్పాడు కాబట్టి మంచిది అనడం లేదు. అలా అంటే నాలుక కోయడం కూడా మంచిదే అవుతుంది. మన బుద్ధితో, మన అనుభవంతో తూచి చూస్తే నిలబడుతుంది కాబట్టి మంచిది. పాతవాళ్ళను చదివే పద్ధతి ఇదే కావాలి. పేరును బట్టి తలవంచడం కాదు, మాటను బట్టి తూచడం.

డాక్టర్ అంబేద్కర్ నాయకత్వాన 1927 డిసెంబరు 25న మహాడ్‌లో మనుస్మృతిని కాల్చారు. ఆ పుస్తకాన్ని ఆయనంత శ్రద్ధగా చదివినవాళ్ళు పూజించేవాళ్ళలోనే కొద్దిమంది ఉంటారు. చదివే కాల్చారు.

‘ఆ కాలం అలాంటిది’ అనేవాళ్ళకు

ఇంతా విన్నాక ఒక జవాబు వస్తుంది. వేల ఏళ్ళ నాటివాళ్ళను నేటి కొలబద్దతో కొలవకూడదు, ఆ కాలం అలాంటిది అని. సరే, ఒప్పుకుందాం. అయితే ఆ కాలపు మాటను నేటి మిల్లుకు చట్టంగా తేకండి. మన మీద ప్రయోగించడానికి అది సనాతన సత్యం, మనం ప్రశ్నిస్తే మాత్రం పాతకాలపు మాట. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి?

పైగా ఆ కాలంలో అందరూ ఒకేలా ఆలోచించారన్నది కూడా అబద్ధం. ఒడిశాలో బరంపురం చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకు జౌగడ తెలుసు. ఋషికుల్య నది దగ్గరి ఆ కొండరాతి మీద, భువనేశ్వర్ దగ్గర ధౌలిలో అశోకుడు నగర న్యాయాధికారులకు చెక్కించిన ఆజ్ఞ ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటిది. కారణం లేకుండా మనుషులు చెరసాలలో పడుతున్నారు, హింసకు గురవుతున్నారు, అలా జరగకూడదు అంటాడు. న్యాయాధికారిని పక్కదారి పట్టించే గుణాలను వరసగా చెబుతాడు: అసూయ, కోపం, క్రూరత్వం, తొందర, అలవాటు లేకపోవడం, సోమరితనం, అలసట. ఇంకో స్తంభ శాసనంలో విచారణలోనూ శిక్షలోనూ సమానత ఉండాలని చెక్కించాడు. మరణశిక్ష పడినవాళ్ళకు మూడు రోజుల గడువు ఇచ్చాడు. మరణశిక్షను రద్దు చేయలేదు, అదీ చెప్పుకోవాలి. అయినా తప్పు మోపబడినవాడి గుణం కన్నా ముందు, తీర్పు చెప్పేవాడి గుణం విచారించాలన్న మాట రాతి మీద ఉంది. డొమెస్టిక్ ఎంక్వైరీ పేరుతో పది నిమిషాల్లో సంతకం పెట్టించుకునే ఆఫీసర్లు ఆ గుణాల జాబితాను బల్ల మీద పెట్టుకుంటే బాగుంటుంది.

నేటి తక్కెడ

ఇప్పుడు రాజులు లేరు, పణాలు లేవు. చట్టం ముందు అందరూ సమానమని రాజ్యాంగం ఉంది. మరి నేటి తక్కెడ ఎలా తూగుతోంది?

పాత కేంద్ర కార్మిక చట్టాల్లో 29ని కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 2019 నాటి వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. రావలసిన దానికన్నా తక్కువ ఇచ్చిన యజమానికి మొదటిసారి 50 వేల రూపాయల దాకా జరిమానా. తక్కిన ఉల్లంఘనలు చాలావాటికి 20 వేల దాకా. వాటిలో కొన్నింటికి కేసు పెట్టే ముందు, సరిదిద్దుకోమని లిఖితంగా చెప్పి గడువు ఇవ్వాలి, సరిదిద్దుకుంటే కేసే లేదు. కౌటిల్యుడి నూలు శాలలో కూలి ఆలస్యానికి కనీస శిక్ష 20 నెలల జీతమైతే, నేడు గరిష్ఠ శిక్ష ఒకరిద్దరు కార్మికుల నెల కూలికి వచ్చి నిలబడింది.

కార్మికుడికి? పది మంది లేదా అంతకు మించి కూడబలుక్కొని, ఒప్పందంలో ఉన్న నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా పనికి రాకపోతే, రాని రోజుల కూలితో పాటు ఒక్కొక్కరికీ 8 రోజుల కూలి వరకు కోయవచ్చు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఉన్న ఈ నిబంధన కొత్త కోడ్‌లోనూ ఉంది. తొమ్మిది మంది విడివిడిగా రాకపోతే రాని రోజుకే కోత. పదో మనిషి చేయి కలిపితే ఎనిమిది రోజుల కోత. ఇక్కడ శిక్ష పడుతున్నది పని మానినందుకా, చేయి కలిపినందుకా?

2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు తప్పదు. సగం మందో అంతకు మించో ఒకే రోజు కూడబలుక్కొని క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. చట్టవిరుద్ధమని తేలిన సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి వెయ్యి నుంచి 10 వేల రూపాయల జరిమానా లేదా నెల వరకు జైలు లేదా రెండూ. చట్టవిరుద్ధంగా లాకౌట్ చేసిన యజమానికి 50 వేల నుంచి లక్ష, లేదా నెల వరకు జైలు లేదా రెండూ. చూశారా, యజమానికి పది రెట్లు అంటారు. పదివేలు పోతే కార్మికుడి ఇంట్లో పొయ్యి మీద కుండ దిగిపోతుంది. లక్ష పోతే సేటు ఇంట్లో దీపం కూడా మసకబారదు. ‘మామూలు మనిషికి ఒకటైతే రాజుకు వెయ్యి’ అని మనువు పుస్తకంలోనే ఉంది కదా! ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఈ ఒక్క లెక్కనైనా కోడ్‌లోకి తీసుకురమ్మని ఎన్నడూ ఎందుకు అడగలేదు?

దండం వేరు, హక్కు వేరు

అసలు ప్రశ్న దీనికన్నా లోతుగా ఉంది. పని చేయనన్నందుకు మనిషిని జైలుకు పంపవచ్చా?

1859లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చిన కొత్తలో ఒక చట్టం చేశారు. అడ్వాన్సు తీసుకొని పని పూర్తి చేయని కార్మికుణ్ణి మెజిస్ట్రేటు మూడు నెలల వరకు జైలులో పెట్టవచ్చు. యజమాని మాట తప్పితే కార్మికుడు సివిల్ కోర్టు మెట్లు ఎక్కాలి. ఒకే ఒప్పందం, ఒక చేతికి బేడీలు, ఒక చేతికి రసీదు. బెంగాల్‌లో కంపెనీ దౌర్జన్యం భరించలేక పట్టు నూలు చుట్టేవాళ్ళు తమ బొటనవేళ్ళు తామే కోసుకున్నారని విలియం బోల్ట్స్ 1772లో రాశాడు. పాత నూలు శాలలో వేలు రాజు నరికాడు, ఇక్కడ కార్మికుడే నరుక్కున్నాడు. 1859 చట్టం 1925లో రద్దయింది. ఎవరో దయతలచి తీసేయలేదు. దేశమంతటా కార్మికుల పోరాటాలు, అనేకమంది నిరసన దాని వెనుక ఉన్నాయి.

1938లో బొంబాయి ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చి కొన్ని రకాల సమ్మెలను నేరం చేసింది. సెప్టెంబరులో శాసనసభలో అంబేద్కర్ దాన్ని ఎదిరించారు. నౌకరీ ఒప్పందం తప్పడం సివిల్ తప్పే గాని నేరం కాదు, ఇష్టం లేని మనిషి చేత జైలు భయం పెట్టి పని చేయించడమంటే అతన్ని బానిసను చేయడమే, సమ్మె హక్కు స్వేచ్ఛకే మరో పేరు అన్నది ఆయన వాదం. నవంబరు 7న ఆయన పార్టీ, కమ్యూనిస్టులు కలిసి ఒక రోజు సమ్మె చేయించారు. బిల్లు ఆగలేదు, చట్టమైంది. దాని తర్వాత వచ్చిన 1946 నాటి బొంబాయి చట్టం మీద కోపం కూడా 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో కలిసి ఉంది. దాదాపు రెండున్నర లక్షల మంది ఆ సమ్మెలో దిగారు. వాళ్ళలో మన తెలుగు నేతగాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత మిల్లు చిమ్నీల చోట ఏం లేచిందో ముంబయి వెళ్ళినవాళ్ళు చూస్తూనే ఉన్నారు. భూములకు ధర వచ్చింది, వాళ్ళలో వేలమందికి మళ్ళీ పని రాలేదు. ఆ శిక్ష ఏ కోర్టు వేసిందో ఎవరూ చెప్పలేరు.

అదే 1982లో సుప్రీంకోర్టు ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో ఒక మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే. ఆకలి కూడా ఒక బలవంతమే అన్న గుర్తింపు అందులో ఉంది. ఆ ప్రాచీన గ్రంథకర్తలు చూడని సంగతి ఇదే. వాళ్ళు దండం గురించి చాలా రాశారు. దండం పైనుంచి కిందికి పడుతుంది. హక్కు కిందినుంచి లేస్తుంది. దండంలో జరిమానా ఖజానాకు పోతుంది. హక్కులో రావలసిన కూలి కార్మికుడి చేతికి వస్తుంది. నేటి కోడ్‌లో కూడా ఆ దారి ఉంది. రావలసిన కూలి కోసం మూడేళ్ళ లోపు క్లెయిము వేయవచ్చు, దానిమీద పది రెట్ల వరకు పరిహారం ఇప్పించవచ్చు. సేటుకు జరిమానా పడాలని శాపాలు పెట్టడం కన్నా ఈ క్లెయిము కాగితం నింపడం మనకు ఎక్కువ పని చేస్తుంది.

పనిలో తప్పు చేసినవాడి సంగతి?

మరి తాగి వచ్చి సాంచా పాడు చేసినవాడిని, తోటి ఆడకార్మికురాలిని వేధించినవాడిని వదిలేయమంటారా అని అడుగుతారు. వదలమనము. తప్పుకు శిక్ష ఉండాలి. అది తగినంత ఉండాలి. శిక్షకు ముందు ఆ మనిషి మాట వినాలి. ఏది తప్పో ముందే రాసి గోడ మీద పెట్టాలి. తీర్పు చెప్పేవాడికి ఆ జరిమానాలో లాభం ఉండకూడదు.

ఇవి గాలిలో మాటలు కావు. ఒకప్పుడు మిల్లుల్లో పాడైన బట్టను నేతగాడికే అంటగట్టి దాని ధర కూలిలో కోసేవాళ్ళు. జరిమానా ఎంత వేయాలో సూపర్‌వైజర్ నోటి మాటే. 1929లో వేసిన రాయల్ కమిషన్ ముందుకు ఈ జరిమానాల గొడవ వచ్చాకే 1936 చట్టం వచ్చింది. ఆ చట్టం పెట్టిన హద్దులు కోడ్‌లోనూ ఉన్నాయి. ఒక వేతన కాలంలో జరిమానా మొత్తం ఆ కాలపు కూలిలో 3 శాతం దాటకూడదు. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా వేయకూడదు. వేసిన రోజు నుంచి 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు. ప్రతి జరిమానా రిజిస్టరులో ఎక్కాలి. ఆ సొమ్ము కార్మికుల మేలుకే ఖర్చు కావాలి. రాజు ఖజానాకు పోయే దండం కార్మికుల నిధిలోకి మళ్ళింది. రెండు వేల ఏళ్ళ నుంచి ఇప్పటిదాకా న్యాయం నడిచిన దూరం ఏమైనా ఉంటే అది ఇదే. ఆ దూరం నడిపించింది శాస్త్రం చెప్పినవాళ్ళు కాదు, సమ్మె చేసినవాళ్ళు.

కాబట్టి మిత్రులారా! ఇక మీద ఎవరైనా మన ముందు చాణక్యుణ్ణో మనువునో నిలబెడితే గాభరా పడకండి, కోపం కూడా తెచ్చుకోకండి. ఆ మాటకు ముందేముంది, తర్వాతేముంది అని అడగండి. ఆ శిక్ష ఎవరికి పడింది, జరిమానా ఎవరి పెట్టెలోకి పోయింది అని అడగండి. అడిగాక మీ ఖాతాలో జరిమానాల రిజిస్టరు చూపించమనండి. పోయిన ఏడాది కోసిన సొమ్ము ఏ మేలుకు ఖర్చయిందో లెక్క చెప్పమనండి. ఒంటరిగా అడిగితే ‘రేపు చూద్దాం’ అంటారు. పది మంది కలిసి, కాగితం రాసి, యూనియన్ ముద్రతో అడగండి.

పెద్ద చేపకు శాస్త్రం అక్కర్లేదు, పళ్ళు చాలు. శాస్త్రమూ చట్టమూ కావలసింది చిన్న చేపకే. వాటిని చదివి, తూచి, మన చేతిలోకి తెచ్చుకుందాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!